పదమూడో ఎక్కం దగ్గర ఆగిన బడి

మొన్న ఎండలు ముదిరే ముందు ప్రసాద్ మా ఇంటికి వచ్చాడు. నా దగ్గర ఎనిమిది, తొమ్మిది తరగతులు చదివినవాడు. ఇప్పుడు మండల విద్యా కార్యాలయంలో పని చేస్తున్నాడు. కొత్తగూడెంలో నేను కిరాయికి ఉండే ఈ రెండు గదుల ఇంటికి పాత విద్యార్థులు రావడం కొత్తేమీ కాదు. పెళ్లి పత్రికలు తెస్తారు, కూతురికి ఏ కాలేజీ మంచిదో అడుగుతారు, మోకాళ్లకు ఏం మందు వాడుతున్నానో కనుక్కుంటారు. ప్రసాద్ మాత్రం ఒక ఫైలు పట్టుకొని వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, కాసేపు ఫ్యాను వంక చూశాడు. ఏదో అడగడానికి మొహమాటపడుతున్నాడని అర్థమైంది.

"పినపాక అవతల ఒక చిన్న ఊర్ల బడి ఉంది మేడమ్. తొమ్మిది మంది పిల్లలు, ఒక్క టీచరు. దాన్ని రోడ్డు మీది పెద్ద బడిల కలుపుదామని అనుకుంటున్నరు. ఊరోళ్లతోని మీటింగు పెట్టాలె. మీరొచ్చి రెండు ముక్కలు చెప్తే బాగుంటది."

"నేనేం చెప్తనురా?"

"మీరు గట్లనే నడిచి చదువుకున్నరు గద మేడమ్. మాకు క్లాసుల ఎన్నిసార్లు చెప్పిండ్రు. మీ ఊర్ల బడి పోయినంకనే గద మీరు పెద్ద బడికి పోయింది. మీరు చెప్తే వింటరు."

వాడన్నది నిజమే. క్లాసులో ఎవడైనా బడి ఎగ్గొడితే నిలబెట్టి ఆ కథ చెప్పేదాన్ని. మూడు మైళ్లు నడిచాను, రెండు వాగులు దాటాను, మీకేం రోగం అని. ముప్పై ఏళ్లకు పైగా చెప్పాను. ఆ కథలో సగమే చెబుతున్నానని పిల్లలకు తెలియదు. చెప్పీ చెప్పీ నాకూ మిగతా సగం ఉందన్న సంగతి గుర్తులేకుండా పోయింది. వస్తానని మాటిచ్చి ప్రసాద్‌ను పంపాక పొయ్యి వెలిగించలేదు. పెరుగన్నం తిని పడుకున్నాను.

మాది అడవి అంచున ముప్పై గడపల ఊరు. మా వైపు అలాంటి చిన్న ఊళ్లను గుంపులంటారు. ఎక్కువమంది కోయవాళ్లు. మాది నేలకొండపల్లి వైపు నుంచి వెదురు నరికే పనికి వచ్చి, పని అయిపోయాక కూడా తిరిగి వెళ్లని మూడు నాలుగు కుటుంబాల్లో ఒకటి. కొన్నాళ్లకు నాయన మణుగూరు వైపు కొత్తగా తెరుస్తున్న బొగ్గు గనుల్లో మట్టిపనికి కుదిరాడు. వారానికొకసారి ఇంటికి వచ్చేవాడు. ఎంత రుద్ది స్నానం చేసినా ఆయన చెవుల మడతల్లో నలుపు అలాగే ఉండేది. అమ్మ గోదావరి ఒడ్డు మిరపతోటలకు కూలికి పోయేది. సాయంత్రం వచ్చాక ఆమె నన్ను ముట్టుకోవాలంటే ముందు చేతులు మజ్జిగతో కడుక్కునేది, మిరప ఘాటు నా కళ్లకు తగులుతుందని. ఇల్లంతా నాయనమ్మ చేతి మీద నడిచేది.

నాయనమ్మకు గడియారంతో పని లేదు. మా పెణక చూరు కింది గుంజ నీడ వాకిట్లో ఎక్కడ పడిందో చూసి పనులు చెప్పేది. నీడ రోలు దగ్గర ఉంటే కోళ్లను వదలాలి, గడప దగ్గరికి వస్తే నేను బడికి పోవాలి. పొద్దున్నే రాత్రి పులియబెట్టిన జొన్నజావ, అందులోకి ఒక ఉల్లిగడ్డ. ఆ పులుపు వాసన, పొయ్యిలో పచ్చికట్టెల పొగ, ఆమె చెవి మీద దోపుకున్న ఆర్పిన చుట్ట వాసన, ఈ మూడూ కలిస్తే అదే నాకు తెల్లవారడం. ఎండాకాలం మొదట్లో ఇప్పపూలు ఏరుకొచ్చి వాకిలంతా చాపల మీద ఎండబోసేది. పచ్చి పువ్వు తియ్యగా వాసన వేస్తుంది, ఎండేకొద్దీ ఆ తీపి కొంచెం మత్తుగా మారుతుంది. ఆ నెల రోజులు మా పలకలు, గౌన్లు, తలవెంట్రుకలు అన్నీ ఇప్పపువ్వు వాసనే.

బడి మా ఇంటి నుంచి పిలిస్తే పలికేంత దూరంలో ఉండేది. మట్టిగోడలు, తాటాకు కప్పు, వెదురు తడిక తలుపు. పదకొండు మందిమి. పెద్దూరు నుంచి నర్సయ్య సారు సైకిలు మీద వచ్చేవాడు. సన్నగా, ఎప్పుడూ జలుబు చేసినట్టు ముక్కు తుడుచుకుంటూ ఉండే మనిషి. గొప్ప చదువు చెప్పాడని నేను ఇప్పుడు చెప్పలేను. ఐదు తరగతులూ ఒకే గదిలో, ఒకరికి కూడికలిచ్చి ఇంకొకరికి గుణింతాలు దిద్దించేవాడు. వానపడితే రాడు. కోయ మాటలు నాలుగు నేర్చుకొని తప్పుగా పలికేవాడు, పిల్లలు నవ్వితే తనూ నవ్వేవాడు. మధ్యాహ్నం తన డబ్బా మా ఇంటికి పంపేవాడు, నాయనమ్మ దాన్ని పొయ్యి పక్కన పెట్టి వెచ్చచేసి, ఏదో ఒక పచ్చడి తగిలించి తిరిగి పంపేది. ఆయనలో ఒక గుణం మాత్రం ఉంది. ఆలస్యంగా వచ్చిన పిల్లను ఎందుకు ఆలస్యమైందని అడిగేవాడు కాదు. మధ్యలో లేచి వెళ్లిన పిల్లను ఎక్కడికని అడిగేవాడు కాదు.

ఆ గుణం వల్లనే భద్రమ్మ చదువుకుంది. భద్రమ్మ నా ఈడు పిల్ల. తల్లీ తండ్రీ తెల్లవారకుండానే అడవికో చేనుకో పోతే, ఏడాదిన్నర చెల్లెలు చిట్టిని చంకన వేసుకొని బడికి వచ్చేది. చిట్టికి సారు కుర్చీ పక్కన గోనెపట్టా పరిచి ఉండేది. నిద్రవస్తే అక్కడే పడుకునేది, లేస్తే సుద్దముక్క చేతికిస్తే నోట్లో పెట్టుకునేది. దాని మూతి ఎప్పుడూ తెల్లగానే ఉండేది. భద్రమ్మ చెల్లెల్ని చంకలో ఊపుతూ ఎక్కాలు చెప్పేది. ఊపుకూ ఎక్కానికీ ఒకటే లయ. నేను ఎనిమిదో ఎక్కం దగ్గర తడబడుతుంటే తను పన్నెండు దాటింది. పాఠం మధ్యలో తడిక సందు నుంచి బయటికి చూసి, వాళ్ల వాకిట్లో ఎండబోసిన వడ్ల మీదికి మేకలు వస్తున్నాయంటే పరుగెత్తి తోలి వచ్చి మళ్లీ కూర్చునేది. ఒక రోజులో నాలుగైదు సార్లు వెళ్లేది. అయినా మా అందరికంటే ముందుండేది.

మా బడిని మూసేశామని ఎవరూ చెప్పలేదు. ఊరివాళ్లను పిలవలేదు, అడగలేదు. ఒక రోజు సారు పదమూడో ఎక్కం మొదలుపెట్టి, పదమూడు ఏళ్ల తొంభై ఒకటి దగ్గర ఆపి, మిగతాది రేపు అని సైకిలెక్కి వెళ్లిపోయాడు. రేపు ఆయన రాలేదు. గనుల దగ్గర కొత్త కాలనీలో పిల్లలు ఎక్కువయ్యారని, సారును అక్కడికి వేశారని పది రోజులకు నాయన చెప్పాడు. ఆ పది రోజులూ మేం రోజూ వెళ్లి గది ఊడ్చుకొని కూర్చున్నాం. భద్రమ్మ సారు కుర్చీ పక్కన నిలబడి మాకు ఎక్కాలు చెప్పించింది. తొంభై ఒకటి తర్వాత ఎంతో వేళ్ల మీద కూడి తనే కనిపెట్టింది. తర్వాత ఒక్కొక్కరే రావడం మానేశారు. వానాకాలం వచ్చేసరికి గదిలో మేకలు పడుకునేవి.

నాయన నన్ను పెద్దూరి బడిలో వేశాడు. మూడు మైళ్లు, దారిలో రెండు వాగులు. నాయనమ్మ రోజూ రెండో వాగు దాకా నాతో వచ్చేది. చెప్పులు చేతిలో పట్టుకొని, చీర మోకాళ్ల పైకి దోపి, నీళ్లలో కర్రతో లోతు చూసి, నన్ను దాటించి, గట్టు మీద నిలబడి నేను మలుపు తిరిగేదాకా చూసేది. సాయంత్రం మళ్లీ అక్కడే ఉండేది. ఆ దారిలో ఆమె పెద్దగా మాట్లాడేది కాదు. ఒకసారి మాత్రం, "నీ చేతులతోని నాకు ఇంట్ల పని లేదు బిడ్డా. ఉంటే పంపకపోదును," అంది. ఆ మాట అప్పుడు నాకు తిట్టులా వినిపించింది. నన్ను చదివించినది ఆ ఒక్క సంగతేనని ఉద్యోగంలో చేరాక గానీ తెలియలేదు. ఇంట్లో నా వెనక చంటిపిల్లలు లేరు, నాయనమ్మ చేతికి సత్తువ ఉంది. అంతకుమించి నాలో ప్రత్యేకమేమీ లేదు.

భద్రమ్మ కూడా వచ్చింది. నాలుగు రోజులు. చిట్టిని చంకన వేసుకొని మూడు మైళ్లు నడిచింది. మొదటి రోజు టీచరమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది. రెండో రోజు చిట్టి ఏడిస్తే వరండాలో నిలబడమంది. భద్రమ్మ కిటికీ దగ్గర నిలబడి పాఠం విన్నది. నాలుగో రోజు టీచరమ్మ, "ఆ పిల్లనన్న ఇంట్ల ఉంచి రా, లేకుంటే నువ్వన్న ఇంట్ల ఉండు. యాభై మందికి చదువు చెప్పాలె నేను," అంది. కోపంగా కూడా అనలేదు. ఆమెకూ ఊపిరి సలపని పని.

తిరిగి వచ్చేటప్పుడు మొదటి వాగు దగ్గర భద్రమ్మ ఆగి చిట్టిని ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది.

"రేపు నేను రాను," అంది.

"ఎందుకే? టీచరమ్మ అన్నదనా?"

"కాదు. చిట్టి బరువైంది."

అంతే. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నేనూ అడగలేదు. నిజం చెప్పాలంటే రెండు మూడు వారాలకే నాకు కొత్త బడి నచ్చింది. తరగతికొక టీచరు, గోడకు రంగుల పటం, ఇనప్పెట్టెలో కథల పుస్తకాలు. పర్ణశాల వైపు నుంచి వచ్చిన ఒక పిల్ల నా పక్కన కూర్చొని గోదావరి మీద పడవల కబుర్లు చెప్పేది. నర్సయ్య సారు దగ్గరే ఐదేళ్లూ చదివి ఉంటే నేను టీచర్ని అయ్యేదాన్ని కాదు. ఈ మాట ఒప్పుకోకపోతే నా జ్ఞాపకాలు అబద్ధమవుతాయి.

పెద్దయ్యాక భద్రమ్మను ఒక్కసారే చూశాను. మా ఇంటాయనా నేనూ పర్ణశాల వెళ్లినప్పుడు దారి పక్కన కుంకుడుకాయలూ కరక్కాయలూ పోసి కూర్చుని ఉంది. నేను గుర్తుపట్టలేదు, తనే పిలిచింది. పక్కన కూర్చోబెట్టుకొని నా చీర కొంగు పట్టుకొని చూసింది. చిట్టికి ముగ్గురు పిల్లలని చెప్పింది. "నువ్వు పదమూడో ఎక్కం అయిపోగొట్టినవా?" అని అడిగి నవ్వింది. నేనూ నవ్వాను. బస్సు వస్తోందని లేచి వచ్చేశాను. ఇంకో బస్సు ఉండేది.

ఇంకొకటి కూడా రాయాలి. నేను ఉద్యోగంలో కుదురుకున్న రోజుల్లో ఆరో తరగతికి ఒక అమ్మాయి చంటిదాన్ని ఎత్తుకొని వచ్చింది. అరవై మంది క్లాసు, అవతల తనిఖీకి ఎవరో వస్తారని హడావిడి. "ఇది బడి, అంగన్వాడీ కాదు, దించి రా," అన్నాను. మర్నాడు ఆ అమ్మాయి ఒక్కతే వచ్చింది. చెప్పిన మాట విన్నదని సంతోషించాను. ఆ చంటిదాన్ని ఇంట్లో ఎవరు పట్టుకున్నారని అడగలేదు. ఆ అమ్మాయి ఇంకో చెల్లెలు రెండో తరగతి మానేసి పట్టుకుందని ఏడాది చివర తెలిసింది. అప్పుడు కూడా అయ్యో అనుకున్నాను గానీ వాళ్లింటికి వెళ్లలేదు. పేపర్లు దిద్దే రోజులు.

ప్రసాద్‌తో మీటింగుకు వెళ్లాను. మణుగూరు దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. ఆ బడి చూస్తే నాకు ఆశ్చర్యమేసింది. రెండు పక్కా గదులు, గోడల మీద రంగుల బొమ్మలు, నల్లా, మరుగుదొడ్డి. మా కాలంలో పెద్దూరి బడికి కూడా ఇంత సౌకర్యం లేదు. తొమ్మిది మంది పిల్లలు వరుసగా కూర్చున్నారు. టీచరు స్వప్న ముప్పై ఏళ్ల పిల్ల, మణుగూరు నుంచి స్కూటీ మీద వస్తుంది. మీటింగు మొదలయ్యే ముందు నా పక్కకు వచ్చి మెల్లగా చెప్పింది.

"మూస్తేనే మంచిది మేడమ్. ఐదు క్లాసులు నేనొక్కదాన్నే. సగం దినాలు ఆఫీసుకు ఫోన్లనే వివరాలు పంపుడుకే సరిపోతది. మూడో క్లాసు పిల్లకు తీసివేతలు వస్తలేవు. నాకు సిగ్గనిపిస్తది."

ఆ పిల్ల కళ్ల కింద నలుపు చూసి నాకేమీ అనబుద్ధి కాలేదు. నేనొకటే అడిగాను. "వీళ్లల్ల ఆలస్యంగ వచ్చేటోళ్లు, నడుమ లేచి పోయేటోళ్లు ఎవరమ్మా?"

స్వప్న ఆలోచించకుండానే చెప్పింది. "జానకి, లక్ష్మి. జానకి తల్లి కూలికి పోతది, చిన్నపిల్లను ఇదే తీస్కొస్తది. లక్ష్మి నాయనమ్మ మంచంల ఉంది, పగటిపూట పోయి అన్నం పెట్టి వస్తది. నేనేం అనను మేడమ్, పక్కనే గద ఇల్లు."

ఊరివాళ్లు పదిహేను మంది దాకా వచ్చారు. ప్రసాద్ చక్కగా చెప్పాడు. ఆటో వస్తుంది, క్లాసుకొక టీచరు ఉంటారు, కంప్యూటరు ఉంటుంది. వాడు అబద్ధం ఆడటం లేదు, నమ్మే చెబుతున్నాడు. ఒకతను తన కొడుకు ఎప్పటినుంచో ప్రైవేటు బడి వ్యానులో పోతున్నాడని, ఈ బడి ఉన్నా లేకున్నా తనకు ఒకటేనని అన్నాడు. వెనక నిలబడిన ఒకామె, జానకి తల్లేనని తర్వాత తెలిసింది, "వానలకు ఆటో వస్తదా సారూ?" అని అడిగింది. వాగు మీద కల్వర్టు అయింది గదమ్మా అన్నాడు ప్రసాద్. ఆమె చంకలోని చిన్నపిల్లను ఇటు నుంచి అటు మార్చుకుంది. ఆమె అడగాలనుకున్నది వానల సంగతి కాదని నాకు అనిపించింది.

నన్ను మాట్లాడమన్నారు. లేచి నిలబడితే మోకాలు నొప్పి. ఏం చెప్పాలో దారిలో అనుకున్నదంతా పోయింది. నా నోటికి చిన్నప్పటి మాటే వచ్చింది.

"నేను గీ పక్క గుంపులనే పుట్టిన. మా బడి పోతే పెద్ద బడికి పోయిన, బాగుపడ్డ. అది నిజం. నాకంటే బాగ చదివే పిల్ల నాతోనే వచ్చి నాలుగు దినాలకు మానేసింది. అదీ నిజమే. ఆ పిల్లకు చదువు రాక కాదు. చెల్లెల్ని ఎత్తుకొని అంతదూరం నడవలేక. పెద్ద బడి మంచిదే. కానీ గీ బడి పక్కన ఉన్నదని వచ్చే పిల్లలు కొందరుంటరు. దూరమైతే వాళ్లు రారు. రాలేదని కూడ ఎవరికీ తెల్వది, ఎందుకంటే మిగిలినోళ్లు వస్తరు గద."

చప్పట్లు కొట్టారు. ఏం అర్థమైందో తెలియదు. ప్రసాద్ ముఖం కొంచెం చిన్నబోయింది. వాళ్లు మమ్మల్ని కూర్చోబెట్టి టీ ఇచ్చారు. తర్వాత వాడు తీర్మానం పుస్తకం తెచ్చి సంతకానికి నా ముందు పెట్టాడు. గ్రామస్తులు ఏకగ్రీవంగా ఆమోదించారని అప్పటికే రాసి ఉంది. హాజరైనవారిలో మొదటి పేరు నాదే, రిటైర్డ్ ఉపాధ్యాయురాలు అని.

"ఏందిరా ఇది? ఎవరు ఆమోదించిండ్రు?"

"ఫార్మాటు పైనుంచే గిట్ల వస్తది మేడమ్. నేను మార్చనీకి లేదు."

వాడి మీద కోపం రాలేదు. మా రోజుల్లో అడగకుండా మూశారు, ఇప్పుడు పిలిచి, కుర్చీ వేసి, టీ ఇచ్చి మూస్తున్నారు. ఇది మెరుగా కాదా అని కాసేపు ఆలోచించాను. మెరుగే అనుకుంటాను. చిన్న బళ్లు మూయాలా వద్దా అని ఎవరైనా సూటిగా అడిగితే నా దగ్గర ఇప్పటికీ ఒక్క మాటలో జవాబు లేదు. ఒక్క టీచరుతో ఐదు క్లాసులు నడవవు, అది స్వప్నను చూస్తే తెలుస్తుంది. ఇంకో టీచరును ఇవ్వమంటే పిల్లలు లేరంటారు. పిల్లలెందుకు లేరంటే టీచర్లు లేరని వ్యాను ఎక్కారు. ఈ మాటలు నేను ఎన్ని మీటింగుల్లో విన్నానో లెక్కలేదు. విని విని అలసిపోయాను.

"మార్చకు. కింద కొంచెం జాగ ఉంది గద," అని పెన్ను తీసుకున్నాను. సంతకం చేసి, దాని కింద రాశాను. "ఈ తొమ్మిది మందిలో జానకి, లక్ష్మి కొత్త బడికి రాకపోవచ్చు. జానకి చంటిపిల్లను చూసుకోవాలి. లక్ష్మి మధ్యాహ్నం మంచంలో ఉన్న నాయనమ్మకు అన్నం పెట్టాలి. ఈ ఇద్దరికీ ఏదో ఒక దారి చూడకుండా బడి మూయవద్దు." ప్రసాద్ రెండుసార్లు చదివాడు. పుస్తకం సంచిలో పెట్టుకున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు మణుగూరు బస్టాండులో నాకు సీటు దొరికేదాకా నిలబడి వెళ్లాడు.

బడిని కలిపేశారు. బళ్లు తెరిచిన రెండో వారం పొద్దుపోయే వేళ ప్రసాద్ ఫోను చేశాడు.

"మేడమ్, ఆటో వస్తున్నది. ఎనిమిది మంది ఎక్కుతున్నరు. మీరు రాసిన ఇద్దరిల లక్ష్మి వస్తున్నది. వాళ్ల మేనత్త వచ్చి ఉంటున్నదట ముసలమ్మ దగ్గర."

నేను రాసింది ఒకటి తప్పయినందుకు కుర్చీలో వెనక్కి వాలి ఊపిరి పీల్చుకున్నాను. రెండో పేరు నేను అడిగేదాకా వాడు చెప్పడని తెలుసు.

"జానకి?"

"వస్తలేదు మేడమ్. పెద్ద బడి ఆవరణలనే అంగన్వాడీ ఉంది. చిన్నపిల్లను ఆటోల తీస్కొచ్చి అక్కడ కూసోబెట్టొచ్చని హెడ్మాస్టరుతోని మాట్లాడిన. ఒప్పుకున్నడు. రేపు వాళ్లింటికి పోయి చెప్త."

"ఎన్నిగొట్టంగ పోతవు?"

"ఆఫీసుకు పోయి, పదింటికి."

"పదింటికి ఎవరూ ఉండరు," అన్నాను. "పత్తి గింజలు పెట్టే రోజులు. ఆరింటికే పో."